కట్ట లావు

రైతుసంతలలో ధరలెట్లు నిర్ణయింపబడునో చూచి వ్రాయుమని సంపాదకులు కోరగా, చెన్నపట్టణపు పడమటి శివారునందలి ఒక ఉళవర్ సందైకి, అనగా తమిళనాటి రైతుసంతకు, తెల్లవారుజామున పోయితిని. సంతయంతయు తిరిగి చూడవలెనని వెళ్లిన నేను మొదటి వరుసలోనే, అరటినారతో తోటకూర కట్టలు కట్టుచున్న ఒక ముసలమ్మ చేతులయొద్ద నిలిచిపోయితిని. వేళ్ల మట్టి దులిపి, పండుటాకులేరి, మొదళ్లు సమముగా చేర్చి, పిడికిటికి నిండినంతనే ఒక్క చుట్టున బిగించు ఆ చేతులు పది కట్టలు కట్టినను పదియు ఒకే లావుగా నుండెను.

ఆమెది తిరుత్తణి ప్రాంతము. 1960లో చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరిన ఆ సీమలో తెలుగు నేటికిని పలు ఇండ్ల భాషయే. ఇంతలో ధరల పలకపై ఆనాటి అంకెలు వెలువడగా, ఆమె తలయెత్తి చూచి పొరుగు అంగడామెతో, "కోయంబేడులో ఏం పలికిందో వాళ్లకు తెలుసు వదినా, నిన్న సందేళ దాకా నేను నడుం వంచింది ఎవరికి తెలుసు?" అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. 1999 జనవరి 26న ఆంధ్రప్రదేశమున రైతుబజారులును, ఆ యేటనే నవంబరు 14న మధురైలో తొలి ఉళవర్ సందైయును వెలసి, దళారిని తొలగించి రైతునకు గావించిన మేలు సామాన్యమైనది కాదు. అయినను ధరకు మూలము మాత్రము టోకు అంగడియే. రైతుబజారులలో టోకు ధరకు 25 శాతము హెచ్చుగా, చిల్లర ధరకు 25 శాతము తగ్గుగా నిర్ణయింపవలెనని నియమము. ఇచ్చటను అధికారులు ప్రతిదినము టోకు ధరను చూచియే పలక వ్రాయుదురు. 1996లో కొత్వాల్ చావడినుండి కోయంబేడునకు తరలిన చెన్నపట్టణపు టోకు మహావిపణిలో లారీల రాకపోకలనుబట్టి పుట్టిన అంకెయే, పెరటి మడిలో పెరిగిన ఈ ఆకునకును వెలయగుచున్నది.

ధర పరుల చేతిలో నున్నప్పుడు రైతు చేతిలో మిగులునది కట్ట లావొక్కటే. దానిని సన్నగిల్లజేసినచో నష్టము పూడును. కాని ఈమె అట్లు చేయదు. "చిన్న కట్ట కడితే బిడ్డల కూట్లో కోసినట్టు గదా, నాయనా," అని నాతో అన్నది. నీతి గలవారే నష్టమును మోయవలసిన ధర ఎట్లు న్యాయమగును? పొరుగుననున్న కేరళము 2020 నవంబరు 1నుండి 16 రకముల కాయగూరలకు సాగువ్యయముపై 20 శాతము చేర్చి కనీసపు ధర నేర్పరచెను. అట్టి లెక్క ఇచ్చట మాత్రమేల సాధ్యము కాదు? విత్తనము, నీరు, కోత, రైలు, అరటినార, ఆడుదాని దినకూలి, వీనినెల్ల లెక్కించి, పలక వ్రాయువారి సరసన రైతును కూర్చుండబెట్టవలెను.

నేను రెండు కట్టలు కొనగా, అడుగకయే ఆమె కొసరుగా పిడికెడు కొత్తిమీర సంచిలో వేసెను. దానికిని వెల చెల్లింపబోగా పుచ్చుకొనలేదు. ఆ కొత్తిమీరను పెంచిన కూలి ఏ పలకమీదను లేదు. కొనువారమైన మనమైనను ఇకమీదట కొసరడుగకుందము.