పలకరాళ్ల మీద ద్రాక్షపంట

మనలో చాలామందిమి పలకమీద అక్షరాలు దిద్దుకున్నవాళ్లమే. స్పెయిన్ దేశంలో ఒక కొండసీమవారు పలకమీద ఏకంగా ద్రాక్షతోటలే వేశారు!

ఆ సీమ పేరు ప్రియోరాత్. కాటలోనియాలో, తారగోనా రేవుకు ఎగువన కొండల నడుమ ఉంది. ఆ నేల చూస్తే ఏ రైతైనా నిట్టూర్చవలసిందే. మట్టి బహు స్వల్పం. అడుగు పెట్టినచోటల్లా నల్లని పలకరాతి పెళ్లలు. వాటిలోని అభ్రకపు రేణువులు ఎండకు తళతళలాడతాయి. వేసవిలో వానచుక్క అరుదు. అయితే ఆ రాయి పొరలు పొరలుగా చీలుతుంది. ఆ సందులగుండా ద్రాక్షవేళ్లు చెమ్మను వెతుక్కుంటూ లోతుకు దిగిపోతాయి.

పాతతోటల్లో పందిళ్లుండవు, తీగను పొదలాగా కురచగా పెంచుతారు. గార్నాచా, కారిన్యేనా అనే నల్లద్రాక్షలే అక్కడి పాతకాపు. ముదురుతీగకు కాసేవి కొద్ది గుత్తులే. కాని ఆ కొద్దిలోనే రంగూ, రుచీ చిక్కబడతాయి. అందుకే అక్కడి ద్రాక్షాసవానికి అంత ఘాటు, అంత ముదురురంగు.

ఈ తోటలకు ఆద్యులు సన్యాసులు. 12వ శతాబ్దంలో వారక్కడ స్కాలా దేయి మఠం కట్టారు. ఆ మాటకు ‘దేవుని నిచ్చెన’ అని అర్థం. దేవదూతలు నిచ్చెనెక్కి స్వర్గానికి పోవడం ఒక గొర్రెలకాపరి కళ్లారా చూశాడట! మఠాధిపతిని ‘ప్రియర్’ అంటారు. ఆయన ఏలిన సీమ ప్రియోరాత్ అయింది.

19వ శతాబ్దం చివర ఫిలాక్సెరా అనే చీడ దాపురించింది. పేనుబంకను పోలిన ఈ పురుగు వేళ్లను పట్టి తోటలను మాడ్చివేసింది. చీడను తట్టుకునే అమెరికా మొక్కల వేళ్లపై అంట్లు కట్టి కొందరు మళ్లీ నాటారు. చాలామంది మాత్రం పట్నాలకు వలసపోయారు. నిట్రమైన ఏటవాళ్లలో సేద్యమంటే కంచరగాడిదా, మనిషి రెక్కలూ తప్ప వేరు దిక్కులేదు. గిట్టుబాటు కాకున్నా కొందరు ముసలివాళ్లు ఆ తీగలను వదలలేదు.

1989లో కొందరు ఔత్సాహికులు గ్రాతల్యోప్స్ గ్రామంలో చేరి, ఆ ముదురుతీగల పంటతోనే కొత్త ఆసవం తీశారు. దేశదేశాల రసజ్ఞులు మెచ్చుకున్నారు. ఈనాడు స్పెయిన్‌లో అత్యున్నత శ్రేణి గుర్తింపు పొందిన ఆసవసీమలు రెండే: రియోహా ఒకటి, ప్రియోరాత్ ఒకటి.

పాఠకులలో అనేకులకు ఆసవంతో పొత్తుండదు. అయినా, లాభంలేదని ఆనాడే ఆ ముసలివాళ్లు తీగలను పీకివేసి ఉంటే, తరువాత వచ్చినవారికి పిండుకోవడానికి రాళ్లే మిగిలేవి గదా!