గోడ మీద ఫొటో... గుంటూరులో మనిషి

ఎవరింటికైనా వెళ్తే మంచినీళ్లు వచ్చేలోగా గోడలు చూస్తాం కదా! సి.బెళగల్ వైపు పల్లెల్లో ఆ గోడలు చాలా కబుర్లు చెబుతాయి. మేకుకు వేలాడే క్యాలెండర్. దాని పక్కన మంత్రాలయం రాఘవేంద్రస్వామి. ఆ పక్కన ఉరుకుంద ఈరన్న. కింద వరసగా ఇంటివాళ్లు. పూలదండల బరువుకు బిగుసుకుపోయిన పెళ్లి జంట. స్టూడియో పరదా మీద గీసిన తోట ముందు అద్దె కోటు వేసుకుని నిలబడ్డ కుర్రాడు. అన్నిటికంటే చివర, దండ వేసిన అవ్వ ఫొటో.

ఆ అవ్వ ఫొటోను కాస్త దగ్గరికెళ్లి చూడాలి. వెనక ఏమీ లేదు, ఉత్త తెలుపు. చూపు సూటిగా ఎదురుగా ఉంది. పెదాల మీద నవ్వు లేదు. భుజాలు రెండూ కొలిచి పెట్టినట్టున్నాయి. ఎక్కడో చూసినట్టుందా? ఓటరు కార్డులోనో, పింఛను పుస్తకంలోనో ఉండే ఫొటో అది. బతికున్న రోజుల్లో ఆమె కోసమని ఎవరూ ఫొటో తీయించలేదు. పోయాక దండ వేయడానికి ఒకటి కావాల్సి వచ్చింది. ట్రంకుపెట్టె అడుగు నుంచి కార్డు బయటికి తీశారు. స్టూడియోవాళ్లు దాన్ని పెద్దది చేసి, రంగులద్ది, నేత చీర తీసేసి పట్టుచీర కట్టారు. ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. తెలుగునాట పేదిళ్లలో దండల వెనక ఉన్న ఫొటోలు ఎన్నో ఇలా కార్డుల్లోంచి లేచి వచ్చినవే.

పక్కనే నది... పొలాలకు వానే దిక్కు

సి.బెళగల్ కర్నూలు జిల్లాలో ఓ మండల కేంద్రం. పేరు వినగానే కన్నడం చెవిన పడుతుంది. చుట్టుపక్కల ఊళ్లూ అంతే... పోలకల్, కంబదహాల్. ఇంకొన్ని ఊళ్ల పేర్లకు చివర ‘దొడ్డి’ ఉంటుంది. పలుకుదొడ్డి, తిమ్మందొడ్డి, బ్రాహ్మణదొడ్డి. దొడ్డి అంటే పశువుల్ని కట్టేసే చోటు. మండలానికి ఓ పక్క తుంగభద్ర పారుతుంది. నది దాటితే తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లా. పక్కనే ఇంత నది ఉన్నా చాలా పొలాలు వానకోసం ఆకాశం వంక చూడాల్సిందే. గుండ్రేవుల దగ్గర జలాశయం కట్టాలన్నది ఇక్కడివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్న మాట.

కెమెరాలు ఈ ప్రాంతానికి రాకపోలేదు. కరవొచ్చినప్పుడు వచ్చాయి. ఎన్నికలప్పుడు వచ్చాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఉప్పొంగి మంత్రాలయాన్నీ కర్నూలునూ ముంచెత్తినప్పుడు మరీ ఎక్కువగా వచ్చాయి. అప్పుడు తీసిన ఫొటోల్లోని మనుషులకు పేర్లుండవు. ‘వరద బాధితులు’, ‘కరవు రైతు’, ‘వలస కూలీలు’... ఇవే వాళ్ల పేర్లు. అన్నట్టు, వరద ఇంట్లోకొస్తే పోయేవాటిలో ఆల్బమ్ కూడా ఒకటి. తడిసిన ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. విడదీయబోతే మొహాలు ఊడొస్తాయి. కార్డు పోతే ప్రభుత్వం మళ్లీ ఇస్తుంది. అమ్మానాన్నల పెళ్లి ఫొటో ఎవరిస్తారు?

‘నవ్వొద్దు... ఇటు చూడు’

పల్లెల్లో చాలామంది జీవితంలో మొదటి ఫొటోకు కారణం ప్రభుత్వమే. ఫొటో ఉన్న ఓటరు గుర్తింపు కార్డులు 1993లో, టి.ఎన్.శేషన్ హయాంలో మొదలయ్యాయి. బడి ముందో పంచాయతీ ఆఫీసు ముందో బల్ల వేసి, వెనక ఓ గుడ్డ కట్టి, ఊరందరినీ వరసలో నిలబెట్టారు. 2006 ఫిబ్రవరిలో పొరుగునున్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. జాబ్ కార్డు కోసం మళ్లీ ఫొటో. 2010 నుంచి ఆధార్. ఈసారి ఫొటోతోపాటు వేలిముద్రలు, కనుపాపలు కూడా. ప్రతిసారీ ఒకటే మాట: నవ్వొద్దు, కదలొద్దు, ఇటు చూడు.

మొహాలను ఇలా లెక్కల్లోకి ఎక్కించడం మనకు కొత్త కాదు. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్‌వాళ్లు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఎనిమిది సంపుటాలు వేశారు. మనుషుల ఫొటోలు, కింద కులం పేరో తెగ పేరో, వాళ్ల స్వభావం మీద ఓ వ్యాఖ్య. ఫొటోలోని మనిషికి తన గురించి ఏం రాశారో తెలిసే వీల్లేదు. ఆ రోజుల్లోనే డబ్బూ హోదా ఉన్నవాళ్ల కోసం మరోరకం ఫొటోలుండేవి. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేకంగా మరో స్టూడియో తెరిచి, దాన్ని ఓ మహిళా ఫొటోగ్రాఫర్‌కు అప్పగించారు. అక్కడ నిలబడ్డవాళ్లు ఎలా కనపడాలో వాళ్లే చెప్పుకున్నారు. మరి తాపీమేస్త్రీకి, పత్తి ఏరే ఆమెకు ఆ అవకాశం ఎప్పుడొచ్చింది?

ఉద్యోగం పోతే... వీధి దొరికింది!

2010లో అమెరికాలో బ్రాండన్ స్టాంటన్ అనే కుర్రాడు ఆ పని మొదలుపెట్టాడు. షికాగోలో బాండ్ల వ్యాపారంలో ఉద్యోగం పోయింది. కెమెరా పట్టుకుని న్యూయార్క్ వచ్చాడు. దారినపోయేవాళ్లు పదివేలమంది ఫొటోలు తీసి నగర పటం మీద అంటించాలన్నది మొదటి ఆలోచన. తీస్తూ తీస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. వాళ్లు చెప్పిన రెండు ముక్కలు ఫొటో కింద రాస్తే, ఫొటోకన్నా ఆ మాటలే జనాన్ని పట్టుకున్నాయి. అదే ‘హ్యూమన్స్ ఆఫ్ న్యూయార్క్’. 2015 జనవరిలో ఓ పేదవాడకు చెందిన పిల్లాణ్ని ‘నీ మీద అందరికంటే ఎక్కువ ప్రభావం ఎవరిది?’ అని అడిగాడు. వాడు సినిమా హీరో పేరు చెప్పలేదు. తప్పు చేస్తే బడి నుంచి గెంటేయకుండా కూర్చోబెట్టి చెప్పే తన ప్రిన్సిపాల్ పేరు చెప్పాడు. ఆ ఒక్క ఫొటోతో ఆ బడికి పద్నాలుగు లక్షల డాలర్ల పైచిలుకు విరాళాలొచ్చాయి. ఆ తర్వాత ఏ నగరం పేరు చూసినా ముందు ‘హ్యూమన్స్ ఆఫ్’ చేరింది.

న్యూయార్క్‌లో కుదిరింది సి.బెళగల్ బస్టాపులో కుదురుతుందా? కుదురుతుంది గానీ, కాస్త ఓపిక కావాలి. ‘ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుంది’ అనే పాతకాలం భయం ముసలివాళ్లలో ఇంకా అక్కడక్కడా ఉంది. అది దాటితే ‘ఏ పథకానికప్పా?’ అనే ప్రశ్న. అదీ దాటితే, ‘మాదేముందప్పా చెప్పేకి!’ అన్న మాట. పెద్ద ప్రశ్నలు వేస్తే జవాబు రాదు. ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతన్నను ‘మీ జీవితం ఎలా ఉంది?’ అంటే నవ్వి ఊరుకుంటాడు. ‘ఈ పని మీకెవరు నేర్పారు?’ అని అడిగితే తండ్రి, తాత, 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం, ఒకప్పుడు ఊరూరికీ వెళ్లిన ఎమ్మిగనూరు దుప్పట్లు, మరమగ్గాలు వచ్చాక తగ్గిన గిరాకీ... అన్నీ వాటంతటవే వస్తాయి. ఆదోని పత్తి మార్కెట్ యార్డులో హమాలీని మొదటిసారి బోరెం ఎత్తిన రోజు గురించి అడగాలి. ‘రెండో ముంబయి’ అనిపించుకున్న ఊళ్లో ఆ వ్యాపారమంతా ఎవరి వీపుల మీద నడిచిందో ఆయన చెబుతాడు. శ్రావణమాసంలో ఉరుకుంద వెళ్తే అడగాల్సిన పనే ఉండదు. ఏ మొక్కు తీర్చుకోవడానికి వచ్చారో వాళ్లే చెబుతారు.

సంక్రాంతి దాటితే ఊళ్లో ఎవరుంటారు?

ఇక్కడే అసలు చిక్కు. జనవరి నుంచి మార్చి దాకా పడమటి కర్నూలు పల్లెల్లోకి కెమెరాతో వెళ్తే చాలా ఇళ్లకు తాళాలు కనపడతాయి. అరుగుల మీద ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన పిల్లలు ఉంటారు. మిగతావాళ్లు ‘సుగ్గి’కి పోయారు. సుగ్గి అంటే కన్నడంలో పంటకోతల కాలం. సంబరాల మాట అది. ఇక్కడ మాత్రం దానికి వలస అని అర్థం. ఖరీఫ్ పనులయ్యాక కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలకు వెళ్తాయి. కిలోల లెక్కన కూలి. చేను పక్కనే గుడారం. కోతలయ్యాక ఉగాదికి తిరుగు ప్రయాణం. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, సి.బెళగల్... ఈ వైపు మండలాల్లో ఏటా కనపడే దృశ్యమే ఇది. పిల్లల చదువు ఆగకుండా వలస కాలానికి ప్రత్యేకంగా హాస్టళ్లు పెట్టాల్సి వచ్చిందంటే ఊహించుకోవచ్చు.

అందుకే సి.బెళగల్ మనుషుల ఆల్బమ్ సి.బెళగల్‌లోనే పూర్తవదు. సగం పేజీలు గుంటూరు మిరపచేలల్లో తీయాలి. అక్కడ ఎర్రటి కల్లాల మీద ఆడవాళ్ల ఫొటోలు బోలెడుమంది తీస్తారు. రంగు బాగుంటుంది మరి! ఫొటో కింద ‘మిరప ఏరుతున్న కూలీలు’ అని ఉంటుంది. ఏ ఊరమ్మా, ఇంటిదగ్గర ఎవర్ని వదిలొచ్చావమ్మా అని అడిగితే ఆ ఫొటోకు ఓ ఇల్లు దొరుకుతుంది.

అడగకపోతే ఏమవుతుందో ప్రపంచంలో అందరికీ తెలిసిన ఓ ఫొటోయే చెబుతుంది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోతల కూలీల శిబిరంలో డొరొతియా లాంగ్ అనే ఫొటోగ్రాఫర్ ఆగింది. మంచుకు పంట పోయి కూలీలు పనిలేక కూర్చున్నారు. ఓ తల్లి, ఆమెను కరుచుకున్న పిల్లలు. లాంగ్ కొన్ని ఫొటోలు తీసుకుని వెళ్లిపోయింది. వయసు అడిగింది గానీ పేరు అడగలేదు. పత్రికలో ఫొటో చూసిన ప్రభుత్వం ఆ శిబిరానికి ఆహారం పంపింది. అది వచ్చేసరికి ఆ తల్లి పిల్లలతో మరోచోటికి పనికి వెళ్లిపోయింది! ‘మైగ్రెంట్ మదర్’ పేరుతో ఆ మొహం పుస్తకాల్లోకి, మ్యూజియాల్లోకి ఎక్కింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో... నలభై రెండేళ్ల తర్వాత. ఆ ఫొటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదనీ, కాపీ పంపుతానన్నా పంపలేదనీ ఆమె నొచ్చుకుంది. తిండికోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాసిన ముక్క కూడా నిజం కాదని ఆ కుటుంబం చెప్పింది. లాంగ్ కూడా ప్రభుత్వ జీతం మీద పనిచేసిందే, ఆ ఫొటో మీద హక్కులేవీ ఆమెకు రాలేదు. పేరు అడగడానికి మాత్రం హక్కులతో పనేముంది!

చూపించాల్సింది వాళ్లకే

మన దగ్గర ఈ పని పద్ధతిగా చేస్తున్నవాళ్లున్నారు. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ 1993 నుంచి దాదాపు పదేళ్లపాటు పది రాష్ట్రాల్లో పల్లె మహిళలు పనిచేస్తుండగా తీసిన ఫొటోలతో ఓ ప్రదర్శన తయారుచేశారు. దాన్ని ఏసీ గ్యాలరీలకే వదిలేయలేదు. బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, ఫ్యాక్టరీల దగ్గరికీ తీసుకెళ్లారు. ఆయన 2014లో మొదలుపెట్టిన ‘పరి’... అంటే పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా... ‘ఫేసెస్’ పేరుతో దేశమంతటా మొహాలు సేకరిస్తోంది. ప్రతి జిల్లా నుంచీ కనీసం ఓ మగమనిషి, ఓ ఆడమనిషి, ఓ చిన్నపిల్ల లేదా పిల్లాడు. ఆ తర్వాత ప్రతి బ్లాకు నుంచీ. ఫొటోతోపాటు పేరు, ఊరు, చేసే పని కూడా ఉంటాయి. ఇదీ ఒక జాబితానే. ఐతే కులం పేరు కింద మనిషిని మాయం చేసిన బ్రిటిష్ సంపుటాలకు ఇది పూర్తిగా తిరగేసిన జాబితా.

ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోనుంది, అందులో కెమెరా ఉంది. సుగ్గికి పోయిన తల్లి ఊళ్లోని బిడ్డ మొహాన్ని రాత్రిపూట ఫోన్‌లో చూసుకుంటోంది. ఐనా గోడ మీదికి వచ్చేసరికి పాత కథే. ఫోన్‌లో వందలున్నా కాగితం మీద ఒకటీ ఉండదు. ఫోన్ పాడైతే అవీ పోతాయి.

పడమటి కర్నూలులో ఫొటోలు తీయాలనుకునేవాళ్లు ఉగాది ముందు వారం బయల్దేరితే మంచిది. అప్పటికి లారీలు, ఆటోలు ఊళ్లకు తిరిగొస్తుంటాయి. మూటలు, వంటసామాన్లు, ఇంటికి తెచ్చుకున్న కాసిని మిరపకాయలు దిగుతాయి. తాళాలు తీస్తారు. మూడు నెలల దుమ్ము ఊడుస్తారు. ఆ హడావుడి సద్దుమణిగాక, సాయంత్రం వేపచెట్టు కింద చేరినప్పుడు అడగాలి. పేరు ముందు అడగాలి, ఫొటో తర్వాత. చెప్పింది రాసుకుని వాళ్లకే చదివి వినిపించాలి. టైర్ల సంగతిలాంటివి అక్కడే సరిదిద్దుకోవచ్చు. అవ్వను నవ్వమని అడగాలి. పళ్లు లేవని చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఆ చెయ్యితో సహా తీయాలి. ప్రింట్లు రెండు వేయించాలి. ఎమ్మిగనూరులోనూ ఆదోనిలోనూ స్టూడియోలకు కొదవలేదు. మర్నాడు మళ్లీ బస్సెక్కి వెళ్లి, ఒకటి ఆ ఇంట్లో ఇచ్చి రావచ్చు.