పదహారో కిలోమీటరు తర్వాత

హాఫ్ మారథాన్‌లో మొదటి పది కిలోమీటర్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. విశాఖ ఆర్కే బీచ్‌లో చీకటి ఉండగానే బయల్దేరాం. కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు నుంచి ఉత్తరంగా రుషికొండ వైపు సాగి, సగం దూరం వెళ్లాక వెనక్కి తిరిగి అదే బీచ్ రోడ్డు మీద మళ్లీ రావాలి. మొత్తం 21.0975 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు అందరం నవ్వుతూనే ఉన్నాం.

నేను స్టాఫ్ నర్సుని. వయసు నలభై దాటింది. షుగర్ అంచున ఉన్నానని రక్తపరీక్షలో తేలాక పరుగు మొదలుపెట్టాను. విశాఖలో తెల్లవారుజామున కొంతసేపు బీచ్ రోడ్డు మీద బండ్లు రానివ్వరు. ఈ ఊరు మాలాంటివాళ్లకి చేసిన పెద్ద మేలు అది. ఆడవాళ్లు ఒంటరిగా, ఎవరి హారనూ వినకుండా, ఎవరికీ పక్కకి తప్పుకోకుండా పరిగెత్తగలిగే చోటు ఇంకెక్కడుంది? కాసేపు పరుగు, కాసేపు నడకతో మొదలైంది. నెలలు గడిచేకొద్దీ పరుగు పెరిగి నడక తగ్గింది. పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగాన్ని ఏనాడూ దాటలేదు. ఆదివారాలు లాంగ్ రన్. నైట్ డ్యూటీ దిగి, ఆస్పత్రి బాత్రూంలోనే బట్టలు మార్చుకుని, నేరుగా బీచ్‌కి వెళ్లిన రోజులూ ఉన్నాయి.

పోటీకి ముందు రాత్రి వాన పడి వెలిసింది. తెల్లారేసరికి గాలి కదలడం లేదు. పెద జాలరిపేట దగ్గర చేపల బుట్టలు సర్దుకుంటున్న ఓ పెద్దావిడ మమ్మల్ని చూసి, "ఈయేల ఉక్కగా ఉందమ్మా, గాలి సచ్చిపోయింది. మెల్లగెల్లండి," అని కేకేసింది. ఆ ఉదయం వాతావరణం గురించి నేను విన్న మాటల్లో అంత సరైన మాట ఇంకోటి లేదు. మన ఒంటిని చల్లబరిచేది పట్టిన చెమట కాదు, ఆరిన చెమట. గాలిలో తేమ నిండిపోయి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. ఒంట్లోని నీళ్లూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది. థర్మామీటరులో అంకె చిన్నదే అయినా ఒంటికి అది ఎండాకాలమే.

కైలాసగిరి పాదాన, తెన్నేటి పార్కు దగ్గర రోడ్డు ఎత్తుకెక్కుతుంది. వెళ్లేటప్పుడు ఆ ఎత్తు తెలియలేదు. సాగర్ నగర్ దాటి వెనక్కి తిరిగాక సూర్యుడు సముద్రం మీద బాగా పైకొచ్చాడు. ఎడమ చెంప, ఎడమ భుజం కాలుతున్నాయి. రెండున్నర గంటల్లో పూర్తిచేసేవాళ్ల జెండా పట్టుకున్న పేసర్ వెనకాల వెళ్తున్న గుంపులో నేనూ ఉన్నాను. తెన్నేటి పార్కు ఎత్తు మళ్లీ మొదలయ్యేసరికి ఆ జెండా దూరమైపోయింది.

పదహారో కిలోమీటరు బోర్డు దాటాను. కుడి పిక్క పట్టేసింది. కండరం లోపల ముడిపడి, చర్మం కింద కదలడం కంటికి కనిపించింది. రోడ్డు పక్కన గట్టు మీద చెయ్యి ఆనించి, మడమ నేలకి అదిమి నిలబడ్డాను. నొప్పి వదిలింది. నాలుగడుగులు వేశానో లేదో రెండో పిక్క. ఆ తర్వాత తొడ వెనక. పరిగెత్తేవాళ్లకి అలవాటైన నొప్పులే ఇవి, వీటికి నేను భయపడలేదు.

భయం వేసింది చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నప్పుడు. అంత ఉక్కలో నాకు చలి పుట్టింది. తల దిమ్ముగా ఉంది, కడుపులో తిప్పుతోంది. వార్డులో రోగికి అలా ఉంటే డాక్టరుని పిలుస్తాను. గట్టు మీద కూర్చుని నాడి పట్టుకున్నాను. రోగులని అడిగే ప్రశ్నలే పైకి గట్టిగా నన్ను అడుక్కున్నాను. ఈ రోజు ఏ వారం? ఎక్కడున్నావు? అమ్మ పేరేమిటి? జవాబులు తడబడకుండా వచ్చాయి. మెదడు ఇంకా నా చేతిలోనే ఉంది. అది జారిపోయేలోపు ఒళ్లు చల్లబడాలి.

నీళ్ల టేబుల్ దగ్గరున్న వాలంటీరు కుర్రాడిని ఐస్ అడిగాను. రెండు ముక్కలు చున్నీలో మూటగట్టి మెడ వెనక పెట్టుకున్నాను. ఇంకో ముక్క అరచేతిలో. ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా తాగాను. ఉప్పు లేకుండా వట్టి నీళ్లే సీసాల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి మనిషి ఫిట్స్ దాకా వెళ్లగలడు, అందుకే ఓఆర్‌ఎస్. అక్కడి నుంచి నడిచాను. నన్ను దాటుకుని వెళ్లేవాళ్లు "కమాన్ మేడమ్, ఆగొద్దు, అంతా మనసులోనే ఉంది," అంటున్నారు. వాళ్లు మంచి మనసుతోనే అంటున్నారు. కానీ ఆ మాట అబద్ధం. అంతా మనసులో లేదు. పిక్కల్లో ఉంది, కాలేయం దాచుకున్న చక్కెరలో ఉంది, సోడియంలో ఉంది, ఒంటి వేడిలో ఉంది. అన్ని నెలల పాటు మెల్లగా పరిగెత్తిన ఆదివారాల్లో ఉంది. సంకల్పం పేరు చెప్పి ఒంటి మాట విననివ్వని సలహాలంటే నాకు కోపం. అలాంటి సలహా ఎక్కడికి చేరుస్తుందో మా ఐసీయూలో చూశాను. ఆ ఉదయం మళ్లీ చూశాను.

చలి తగ్గి, తలలో దిమ్ము వదిలాక మెల్లగా పరుగందుకున్నాను. పందొమ్మిదో కిలోమీటరులో నా ముందు ఓ కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, రోడ్డుకి ఈ అంచు నుంచి ఆ అంచుకి తూలుతూ పోతున్నాడు. ఒళ్లంతా చెమట. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకుంటారు చాలామంది. పరుగులో తగిలే వడదెబ్బలో చెమట ధారగా కారుతూనే ఉండొచ్చు. చూడాల్సింది నడకని, మాటని. పక్కకి వెళ్లి, "బాబూ, నీ పేరేంటి?" అన్నాను. "బాగానే ఉన్నానాంటీ, ట్రైనుకి టైమవుతోంది," అన్నాడు. మోకాళ్లు మడతపడుతున్నా ముందుకే పోతున్నాడు. నాకు తెలిసి ఆ రోడ్డు మీద వాడి సంకల్పాన్ని మించినది ఇంకెవరికీ లేదు. అదే వాణ్ణి చంపబోయింది.

భుజాలు పట్టుకుని కూర్చోబెట్టబోతే నన్ను తోసేశాడు. మరుక్షణం కుప్పకూలాడు. వెనకొస్తున్న ఇద్దరు ఆగారు. నేను నర్సునని అరిచి చెప్పాను. వాణ్ణి చెట్టు నీడలోకి లాగాం. చొక్కా, బూట్లు విప్పేశాం. దగ్గర్లోని నీళ్ల టేబుల్ నుంచి ఐస్ టబ్బు మోసుకొచ్చారు. చంకల్లో, గజ్జల్లో, మెడకి రెండు వైపులా ఐస్ పెట్టాం. ఒంటి మీద నీళ్లు పోస్తూ అట్టముక్కలతో విసిరాం. ఎవరో నోట్లో నీళ్లు పొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. తెలివి సరిగా లేనివాడికి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకెవరో ఆటోలో ఎక్కించేద్దామన్నారు, వద్దన్నాను. లోపలి వేడి 40 డిగ్రీలు దాటిన మనిషిని ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. ఆ వేడిలో గడిచే ప్రతి నిమిషం మెదడుకీ, కాలేయానికీ, మూత్రపిండాలకీ దెబ్బే. అంబులెన్సు వచ్చేదాకా ఐస్ మారుస్తూనే ఉన్నాం. వాడి పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. కళ్లు తెరిచి, నన్ను గుర్తుపట్టకపోయినా, తన పేరు సరిగ్గా చెప్పాడు. ఐస్ తియ్యకుండానే స్ట్రెచర్ ఎక్కించమన్నాను. వెంట వెళ్తున్న వాడి స్నేహితుడికి నా నంబరిచ్చాను.

లేచి నిలబడబోతే కాళ్లు రాలేదు. అంతసేపు మోకాళ్ల మీద కూర్చోవడంతో రెండు పిక్కలూ మళ్లీ బిగుసుకుపోయాయి. ఆగిన ఇద్దరిలో ఒకాయన తన భుజం ఇచ్చాడు. చివరి రెండు కిలోమీటర్లూ ముగ్గురం కలిసి నడిచాం, పెద్దగా మాట్లాడుకోలేదు. ఆఖరి మలుపులో జనం చప్పట్లు వినబడ్డాక కొంచెం పరిగెత్తాం. అప్పటికి మూడు గంటలు దాటిపోయింది. మెడలో పతకం వేశారు. దాని బరువుకి నాకు ఏడుపొచ్చింది. నెలల తరబడి కోరుకున్నది మెడలో పడితే ఎవరికైనా వస్తుంది.

గీత దాటాక ఒక్కసారిగా ఆగిపోకూడదు, రక్తం కాళ్లలోకి దిగి కళ్లు తిరుగుతాయి. కాసేపు తిరిగి, పలచటి ఉప్పు మజ్జిగ తాగి, కాళ్లు పైకి పెట్టుకుని ఇసుకలో పడుకున్నాను. ఎడమ బొటనవేలి గోరు నల్లబడింది. చెమటకి తడిసిన బట్ట ఒరుసుకుని చంకల దగ్గర చర్మం లేచిపోయింది. స్నానం చేసేటప్పుడు నీళ్లు తగిలి అరిచాను. కిందికి దిగే మెట్లు మరో మూడు రోజులు రెయిలింగ్ పట్టుకునే దిగాను.

ఆ సాయంత్రం ఫోన్ మోగింది. కుర్రాడి తల్లి, విజయనగరం నుంచి హడావుడిగా వచ్చిందట. "అమ్మా, మా వోడిని సూసింది నువ్వేనా? ఈ రిపోర్టులు నాకేటీ తెలవడం లేదమ్మా," అంది. ఒక్కో లైనూ చదివించుకున్నాను. సోడియం బాగుంది. మూత్రపిండాల తీరు చెప్పే క్రియాటినిన్ కాస్త ఎక్కువ. కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే వేలల్లో ఉంది. మూత్రం ఏ రంగులో వస్తోందో వెళ్లి చూసి చెప్పమన్నాను. ఫోన్ పెట్టకుండానే వెళ్లింది. మందుల బండి చక్రాల చప్పుడు, ఎవరో దగ్గడం వినిపించాయి. "మద్దేనం టీ డికాక్షన్ నాగుందన్నారమ్మా. ఇప్పుడు పసుపుగానే వస్తంది," అంది.

సెలైన్ ఆపెయ్యమని తొందరపెట్టవద్దని, రేపు పొద్దున మళ్లీ రక్తం తీస్తే కంగారు పడొద్దని చెప్పాను. క్రియాటినిన్ తగ్గిందో లేదో నాకు మళ్లీ ఫోన్ చెయ్యమన్నాను.