రొంటిన బరువు

లైసెన్సు తుపాకీ ఉన్న మనిషి దాన్ని జనం మధ్యకి ఎలా తీసుకెళ్ళాలో 2016 నాటి ఆయుధ నియమాల్లో రాసి ఉంది. చేతి తుపాకీ అయితే దానికోసం చేసిన ఒరలో పెట్టుకోవచ్చు. ఆ ఒర ఒంటికి కట్టి ఉండాలి. తుపాకీ బయటికి కనపడకుండా పూర్తిగా కప్పి ఉండాలి, మోసే మనిషి అదుపులో ఉండాలి. సినిమాల్లో మనం చూసేదానికి ఇది సరిగ్గా తలకిందులు. అక్కడ హీరో ఒరా గిరా లేకుండా వీపు వెనక ప్యాంట్లోకి దోపేసుకుంటాడు, అవసరం ఉన్నా లేకపోయినా చొక్కా ఎత్తి చూపిస్తాడు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చే సరదా ఉన్నవాళ్ళకోసం 2019 లో చట్టంలో శిక్ష కూడా చేర్చారు: రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం చెప్పేది ఒకటే, నీ దగ్గర ఉందని ఇంకొకరికి తెలియకూడదు.

ఇదంతా నేను చదవాల్సి రావడానికి కారణం మా నాయన.

మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. గాలి ఇటు తిరిగితే మిద్దె మీదికి సముద్రం వినిపిస్తుంది. 1990 ల మొదట్లో ఈ తీరమంతా వరిమళ్ళు రొయ్యల గుంటలైపోయినప్పుడు నాయన కూడా రెండెకరాలు తవ్వించాడు. వైరస్ వచ్చి గుంటలు తెల్లారేసరికి తేలిపోవడం, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు, తర్వాత చాలా ఏళ్ళకి వనామీ రొయ్య రావడం, అన్నీ చూశాడు. రొయ్యలు పట్టిన రోజు డబ్బు గోనెసంచిలో ఇంటికొచ్చే కాలంలో తీసుకున్న లైసెన్సు ఆయనది. కొన్నది కాన్పూరులో తయారైన .32 రివాల్వరు. ఆరు తూటాలు పడతాయి, 700 గ్రాముల దాకా తూగుతుంది. పాతికేళ్ళ పాటు అది బీరువాలో అమ్మ పట్టుచీరల కింద పడుకుంది. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌కి పోయేది, అయిపోయాక తిరిగొచ్చేది. మా ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు స్టేషన్‌కి వెళ్ళింది అదే అని అమ్మ నవ్వేది.

2023 లో గుంటల మీద ఏరియేటర్ల మోటార్లు పోవడం మొదలైంది. ఒక రాత్రి అడ్డం వెళ్ళిన కాపలా మనిషిని కొట్టారు. చెయ్యి విరిగింది. ఆ వారమే నాయన నాకు చెన్నైకి ఫోన్ చేశాడు. "ఆడ తోలు పని బాగా చేస్తారంట గదమ్మా. దీనికో ఒర కుట్టించాల. రాత్రి గుంటల కాడికి పొయ్యేటప్పుడు పెట్టుకుంటా."

వద్దని చెప్పాను. రెండు రోజులు వాదించాను. మూడోరోజు ఆయన, ఒర లేకపోతే పంచెలో దోపుకుని పోతానన్నాడు. అప్పుడు ఊరుకున్నాను. ఎలాగూ పెట్టుకుంటాడు కాబట్టి సరైనదాంట్లో పెట్టుకోనీ అని వెతకడం మొదలుపెట్టాను.

ఒర అంటే సంచి అనుకుంటాం. సంచి కాదు. మంచి ఒర నాలుగు పనులు చెయ్యాలి. ట్రిగ్గరు చుట్టూ ఉన్న భాగాన్ని పూర్తిగా, గట్టిగా మూసెయ్యాలి, బయటినుంచి వేలు గానీ గుడ్డ మడత గానీ లోపలికి పోకూడదు. పరిగెత్తినా వంగినా తుపాకీ జారకూడదు. నడుము మీద తను ఉన్నచోటే ఉండాలి. నాలుగోది నాకు తట్టనిది: తుపాకీ తీసేశాక కూడా దాని నోరు తెరుచుకునే ఉండాలి. మెత్తటి గుడ్డ ఒర అయితే నడుముకీ బెల్టుకీ మధ్య నలిగి మూసుకుపోతుంది. తిరిగి పెట్టాలంటే ఎడమచేత్తో నోరు తెరవాలి, అంటే తుపాకీ గొట్టం ముందుకి మన చెయ్యే వెళ్తుంది. ఆన్‌లైన్‌లో మూడు నాలుగొందలకి దొరికే 'అన్ని సైజులకీ సరిపోయే' నైలాన్ ఒరల్లో నేను చూసినవన్నీ అలాంటివే. పైగా రివాల్వరుకి మధ్యలో తూటాల చక్రం ఉబ్బెత్తుగా ఉంటుంది, పిస్టలు కోసం కుట్టినదాంట్లో అది కూర్చోదు.

తోలుకోసం చెన్నై పెరియమేట్‌కి వెళ్ళాను. బ్యాగులకీ చెప్పులకీ వాడే క్రోమ్ తోలు దీనికి పనికిరాదని అక్కడొక పెద్దాయన చెప్పాడు. అది మెత్తన, ఆకారం నిలవదు. చెట్టు బెరడుతో పదును పెట్టిన తోలు కావాలి. ఒకప్పుడు మద్రాసు నుంచి 'ఈస్ట్ ఇండియా' తోలు అని విదేశాలకి వెళ్ళిన సరుకు తంగేడు చెక్కతో ఊనిందే, ఇప్పుడు ఎక్కువగా వాటిల్ బెరడు వాడుతున్నారు. మా ఊళ్ళో తంగేడు పూలు గొబ్బెమ్మల మీద పెట్టేవాళ్ళం. ఆ చెట్టు చెక్కకి ఇంత వ్యాపారం ఉందని నాకు తెలీదు.

ఆ తోలుని తడిపి, లోపల తుపాకీ పెట్టి, వేళ్ళతో నొక్కి నొక్కి ఆరబెడితే దాని ఆకారానికి గట్టిపడిపోతుంది. అయితే రివాల్వరు చెన్నైకి తీసుకెళ్ళే వీల్లేదు. నాయన లైసెన్సు ఆంధ్ర వరకే, నేనైతే అసలే ముట్టుకోకూడదు. మా ఊరి వడ్రంగి దారి చూపించాడు. నాయన రివాల్వరు ఖాళీ చేసి అట్టమీద పెట్టి గీత గీస్తే, మందాలు కొలుచుకుని వేపకర్రతో అచ్చు చెక్కాడు. ఒరలోకి వెళ్ళే భాగం వరకే చెక్కమన్నాను, పిడి వద్దన్నాను. పిడి లేకపోతే అది తుపాకీలా కనపడదు, ఏదో మోటారు ముక్కలా ఉంటుంది. టిఫిన్ క్యారియరు పక్కన పెట్టుకుని పినాకినిలో చెన్నై వెళ్ళాను. స్టేషన్లో స్కానర్ మీద బ్యాగు పెట్టినప్పుడు మాత్రం గుండె కొంచెం గట్టిగానే కొట్టుకుంది.

ఒర పది రోజుల్లో వచ్చింది. రెండు పొరల తోలు, పైన టిచ్ బటన్‌తో ఒక పట్టీ. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. దాన్ని దేనికి కట్టాలి?

నాయన జీవితమంతా పంచె, లుంగీ. 700 గ్రాములు ఒక పక్క వేలాడితే ఏ ముడీ ఆగదు. సంతలో అమ్మే వెడల్పాటి పచ్చ బెల్టు, అదే డబ్బులకి అర ఉండేది, కట్టి చూశాం. డబ్బుకీ చుట్టలకీ ఆ బెల్టు భేషు. తుపాకీకి మాత్రం మెత్తగా మడతపడి, పిడి బయటికి వాలిపోయి, చొక్కా కింద గూడు కట్టినట్టు ఉబ్బింది. ఒర ఎంత మంచిదైనా బెల్టు గట్టిది కాకపోతే దండగ అని తేలింది. గట్టి బెల్టు కావాలంటే లూపులున్న ప్యాంటు కావాలి. అరవై ఏడేళ్ళ వయసులో మా నాయన రెండు ప్యాంట్లు కుట్టించుకున్నాడు, నడుము కొలత ఒకటిన్నర అంగుళం ఎక్కువ పెట్టి. ఎదురింటి మామ "ఏంది బావా, పెళ్ళిచూపులా?" అని అడిగాడు.

చోటు చెప్పడానికి గడియారం వాడతారు. బొడ్డు పన్నెండు అనుకుంటే కుడి తుంటి మూడు. మూడు దగ్గర పెడితే మోచెయ్యి తగులుతుంది, బండి నడిపేటప్పుడు ఉబ్బు కనపడుతుంది. ఐదు దగ్గర వెన్నెముక పక్కన పడుతుంది, వెల్లకిలా పడితే ప్రమాదం. నాలుగుకి కొంచెం ముందు, పిడి కాస్త ముందుకి వాలేలా పెడితే చొక్కా కింద ఇమిడింది. చొక్కా ముదురు రంగుది, ఒక సైజు పెద్దది, టక్ చెయ్యనిది. చెయ్యెత్తి మామిడికొమ్మ పట్టుకున్నా అంచు పైకి లేవకూడదు. ఇవన్నీ అద్దం ముందు వేపకర్ర అచ్చుతోనే సరిచూసుకున్నాం. తియ్యడం, పెట్టడం కూడా దాంతోనే. తీసేది ఎంత వేగంగానో అని నాయన ఉబలాటం. కానీ ప్రమాదాలు ఎక్కువగా పెట్టేటప్పుడే అవుతాయి: చొక్కా కొస లోపల చిక్కుకోవడం, వేలు ట్రిగ్గరు మీదే మర్చిపోవడం. అందుకని వేలు పక్కకి చాచి, చొక్కా ఎడమచేత్తో ఎత్తి, కళ్ళతో చూసుకుంటూ నిదానంగా పెట్టమనేదాన్ని. తియ్యడానికి తొందర ఉండొచ్చు, పెట్టడానికి ఏ తొందరా ఉండదు.

రాత్రి ఇంటికి రాగానే ఒరలోంచి తీసెయ్యాలి. మా ఉప్పుగాలికి గేటు మేకులే ఏడాదికి పొడైపోతాయి. తోలు తేమ పీల్చుకుని ఇనుముకి ఆనించి ఉంచుతుంది, ఇత్తడి తూటాల మీద పచ్చటి చిలుం పడుతుంది. కాబట్టి రోజూ ఖాళీ చెయ్యడం, నూనెగుడ్డతో తుడవడం, తూటాలు వేరే చోట పెట్టి తాళం వెయ్యడం. ఒర నీడలో ఆరబెట్టడం. దేవుడి దీపం కూడా ఇంత శ్రద్ధగా పెట్టలేదని అమ్మ అంది.

పని బాగా కుదిరింది. ఎవరికీ కనపడలేదు. కానీ ఇంట్లో వాళ్ళకి మనిషి మారడం కనపడింది. మా అక్క కూతురికి నాలుగేళ్ళు. తాత గేటు తియ్యగానే పరిగెత్తుకెళ్ళి నడుముకి చుట్టుకోవడం దాని అలవాటు. దాని తల సరిగ్గా ఆ ఎత్తుకి వస్తుంది. నాయన అది వస్తుంటే ఎడమవైపుకి తిరిగి, ఒక చెయ్యి అడ్డం పెట్టి, నెత్తిమీద తట్టి లోపలికి పోవడం మొదలుపెట్టాడు. ఒర అమర్చుకోవడం గురించి నేను చదివిన రాతల్లో కారు సీటు గురించి ఉంది, ఆఫీసు కుర్చీ గురించి ఉంది. పిల్ల గురించి లేదు. పదిహేను రోజులకి అది తాతని దూరంనుంచే చూసి నిలబడడం నేర్చుకుంది.

రెండోది కాపలా మనిషి అన్న మాట. చెయ్యి కట్టు విప్పాక మళ్ళీ పనిలోకి వచ్చాడు. నాయన ధైర్యం చెప్పబోయి, చొక్కా మీదనుంచే నడుము తట్టి చూపించాడు. ఆయన చూసి, "అది మీ రొంటిన ఉంటే నాకేందయ్యా? మీరు పదికల్లా ఇంటికి పోతారు. తెల్లార్లూ గట్టు మీద ఉండేది నేను గదా" అన్నాడు. కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అన్నాడు. ఆయన దగ్గర ఉన్నది టార్చిలైటు, వెదురు కర్ర.

ఆ మాట నాయనకి దిగింది. నెలలో గుంటల చుట్టూ లైట్లు పడ్డాయి, మోటార్లకి గొలుసులు పడ్డాయి, పక్క గుంటలవాళ్ళతో కలిసి ఇంకో మనిషిని పెట్టారు. రాత్రి ఇద్దరుంటే ఒకరు పడుకోవచ్చు. ఇవన్నీ ప్యాంట్లూ బెల్టూ ఒరా కంటే ఎక్కువ ఖర్చే. మోటార్లు మళ్ళీ పోలేదు. అది లైట్ల వల్లా, రెండో మనిషి వల్లా, నాయన నడుము వల్లా అని ఎవరూ తేల్చి చెప్పలేరు. నాయన మాత్రం మూడోదే అంటాడు. ఎవరికీ కనపడనిదాన్ని చూసి దొంగ ఎలా భయపడతాడని నేను అడుగుతాను. ఈ వాదన మా ఇంట్లో ఇంకా నడుస్తోంది.

2024 మార్చి 16 న ఎన్నికల కోడ్ వచ్చింది. రివాల్వరు మామూలుగానే స్టేషన్‌కి వెళ్ళింది. మే 13 న ఓట్లు, జూన్ 4 న ఫలితాలు, ఆ తర్వాత తిరిగొచ్చింది. ఆ దాదాపు మూడు నెలలు నాయన మళ్ళీ లుంగీ కట్టాడు. మొదట్లో కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ కుడి మోచెయ్యి నడుముకి తాకించి చూసుకునేవాడు. అక్కడేమీ లేదని గుర్తొచ్చి చెయ్యి వదిలేసేవాడు. పిల్ల ఒకరోజు అనుమానంగా దగ్గరకొచ్చి, "తాతా, నొప్పి తగ్గిందా?" అని అడిగింది. దానికి అంతకు ముందు ఎవరో నడుం నొప్పి అని చెప్పి ఉంటారు. నాయన ఏమీ మాట్లాడకుండా దాన్ని ఎత్తుకున్నాడు.

ఇప్పుడు రొయ్యల డబ్బు బ్యాంకులో పడుతోంది. గోనెసంచి కాలం పోయింది. లైసెన్సు రెన్యువల్ దగ్గర పడుతోంది, ఫారం తెచ్చి బీరువా మీద పెట్టాడు. నింపలేదు, పారెయ్యలేదు. ఒకవేళ నింపితే ఒర మళ్ళీ కుట్టించక్కర్లేదు. అది ఏడాదిగా పెరట్లో మేకుకి ఖాళీగా వేలాడుతున్నా, నోరు తెరుచుకునే ఉంది.