కలివికోడి కూత

సిద్ధవటమునుండి బద్వేలునకు పోవు త్రోవలో లంకమల కొండలు కానవచ్చును. కొండపాదమున ముండ్లపొదలు తప్ప చూడదగిన దేమియు లేదని తోచునుగాని, సోదరీమణులారా, నేడు మఱెక్కడను జాడ తెలియని కలివికోడికి పుట్టినిల్లు ఈ సీమయే.

పేరు కోడియేగాని జానకు కొంచెము మించిన పిట్ట. రొమ్మున రెండు గోధుమవన్నె పట్టెలు. పగలెల్ల పొదనీడ నణగియుండి రాత్రివేళ నేలపై పరుగులిడును. జెర్డను దొరవలన 1848లో పండితలోకమునకు తెలిసినది. 1900 తరువాత కనబడకపోగా నశించెననుకొనిరి. 1986 జనవరిలో స్థానికుడగు వేటకాడొకడు పట్టియీయగా మరల బయటపడెను. పండితులకు లేని యెఱుక అతనికి గలదు!

దీనిని వెదకుటకు చెవులే శరణ్యము. ప్రొద్దుగ్రుంకి చీకటిపడిన పిమ్మట, కొద్ది నిమిషములు మాత్రమే, 'ట్విక్-టూ' యని రెండక్షరముల కూత పలుమారు కూయును. ఆ కొంచెముసేపును మాటాడక, దీపము చూపక కూర్చుండవలెను. తీతువు అఱపు విన్నవారికి భేదము తెలియును. దానిది దెబ్బలాట, దీనిది పిలుపు. మన ప్రబంధములలో శుకపికములకు కొదువలేదు. ఈ పిట్టను వర్ణించిన పద్యము నేను చదివినంతలో లేదు.

ఏండ్ల తరబడి జాడలేని పిమ్మట 2025 ఆగస్టులో కొందరు పక్షిప్రియులు కడప జిల్లాలో ఈ కూతను విని యంత్రమున పట్టిరి. కూతయే సాక్ష్యమైనది.

పొదలు మిక్కిలి దట్టమైనను, మిక్కిలి పలుచనైనను ఈ పిట్ట నిలువదు. పొయిలోనికి కట్టెలు తెచ్చుకొను పేదస్త్రీలను నిందింప నాకు నోరు రాదు. కాలువలకును తోటలకును పొదలను సమూలముగా పెఱికించువారి మాట వేఱు.