ఒకే క్రిమి, రెండు గొంతులు

విద్యానగర్ రైల్వేస్టేషనుకి దగ్గర్లో నేను ప్రాక్టీసు పెట్టిన తొలిరోజుల మాట. ఒక సాయంత్రం ఏడేళ్ల పాపను తీసుకుని తల్లి వచ్చింది. కాస్త జ్వరం, మింగితే నొప్పి. టార్చి వేసి చూస్తే టాన్సిల్ మీద తెల్లటి మచ్చ. చీము అనుకున్నాను. మాత్రలు రాసి, ఉప్పునీళ్లు పుక్కిలించమని, రెండు రోజులాగి రమ్మన్నాను.

మర్నాడు రాత్రే వచ్చారు. మచ్చ బూడిదరంగు పొరగా మారి కొండనాలుక దాకా పాకింది. దూదితో తీయబోతే ఊడలేదు సరికదా, రక్తం వచ్చింది. మెడ ఎద్దుమెడలా వాచింది. మీరు ఊహించే ఉంటారు. కంఠసర్పి, అంటే డిఫ్తీరియా. ఆటో ఎక్కించి నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి నేనే వెంట వెళ్లాను. (ఆటోవాడికి ఆ పేరు చెబితే అర్థం కాలేదు, కోరంటి దవాఖానా అంటే వెంటనే కదిలాడు. క్వారంటైన్ అన్న మాట మన నోళ్లలో నలిగి అలా అయింది.)

ఈ జబ్బులో ప్రాణం తీసేది క్రిమి కాదు, అది కక్కే విషం. గుండెనీ, నరాలనీ పట్టుకుంటుంది. దీనికి గుర్రపు రక్తం నుంచి తీసిన విరుగుడు మందు ఉంది కాని, అది రక్తంలో తిరుగుతున్న విషాన్నే అణచగలదు. కణాల్లోకి దూరిపోయిన దాన్ని ఏమీ చేయలేదు. నేను పోగొట్టింది ఒక రోజు.

ఇంట్లో అందరి గొంతులూ పరీక్ష చేశారు. పదేళ్ల అన్న గొంతులోనూ అదే క్రిమి! వాడు మాత్రం హాయిగా ఆడుకుంటున్నాడు. తల్లి నన్ను అడిగింది: "ఒకే కంచంలో తిన్నారు డాక్టరుగారూ, దీనికే ఎందుకొచ్చింది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఇనుము సంగతి చెప్పాలి.

మన శరీరం ఇనుము విషయంలో గట్టి పిసినారి. దాన్ని విడిగా తిరగనివ్వదు, కొన్ని ప్రోటీనులకు కట్టి దాచుకుంటుంది. క్రిములకూ ఇనుము కావాలి గనుక, అందకుండా చేయడం మన ఆత్మరక్షణ. కంఠసర్పి క్రిమిలో ఒక కాపలా ప్రోటీను ఉంది. ఇనుము దండిగా అందుతున్నంతకాలం అది విషపు జన్యువు మీద కూర్చుని నోరెత్తనివ్వదు. ఇనుము కరువైందా, కాపలా లేచిపోతుంది, విషం తయారీ మొదలవుతుంది. అంటే 'నేను మనిషి ఒంట్లో ఉన్నాను' అని క్రిమికి తెలిసేది మన పిసినారితనం వల్లనే! ఇనుము ఎక్కువైతే ఈ క్రిమి విషం చేయడం మానేస్తుందని పాపెన్‌హైమర్, జాన్సన్ 1936లోనే చూపారు. మరో వింత. ఒక రకం వైరస్ సోకితే అమాయకపు క్రిమి కూడా విషం కక్కడం మొదలుపెడుతుందని 1951లో ఫ్రీమన్ కనిపెట్టాడు.

"అయితే ఇనుము మాత్రలు మింగితే సరి కదా?" అంటారేమో. ఎంత మాత్రం కాదు. మింగిన ఇనుమునూ ఒళ్లు అలాగే కట్టి దాస్తుంది. పైగా ఇనుము దొరికితే బలిసే క్రిములు వేరే బోలెడున్నాయి. రక్తహీనతకు డాక్టరు రాసిన మాత్రలు మాత్రం మానకండి.

మరి అన్న ఎలా తప్పించుకున్నాడు? తల్లి ట్రంకుపెట్టె వెతికి టీకా కార్డులు తెచ్చింది. వాడికి ట్రిపుల్ యాంటిజెన్ గళ్లన్నీ నిండి ఉన్నాయి. పాప కార్డులో ఒకటే గడి. తర్వాత కాపురం ఊరు మారింది, సూదులు మరిచారు. ఈ టీకా క్రిమిని చంపదు, దాని విషాన్ని అణచే శక్తిని రక్తంలో సిద్ధంగా ఉంచుతుంది. అందుకే వాడి గొంతులో క్రిమి ఉన్నా వాడికేం కాలేదు. వాడి నుంచి ఇంకొకరికి అంటకుండా వాడికీ మందులిచ్చారు.

పాప బతికింది. మూడోవారంలో పాలు తాగిస్తే ముక్కులోంచి వచ్చేవి, మాట ముక్కుతో పలికేది. అంగిలి నరాలు దెబ్బతిన్నాయి. పూర్తిగా కోలుకోవడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో తల్లి నన్నొక్క మాట అనలేదు.

ఇప్పుడు పసిపిల్లలకు ఇదే టీకాను పెంటావాలెంట్‌లో కలిపి 6, 10, 14 వారాలకు ఇస్తున్నారు. 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, 5–6 ఏళ్లకు ఇంకొకటి. 10, 16 ఏళ్లకు టీడీ సూది. చివరి మూడింటినే ఎక్కువమంది మరిచిపోతారు. ఎదిగాక టీకా బలం తగ్గుతుంది గనుక పెద్దలకూ ఈ జబ్బు వస్తుంది.

గొంతులో తెల్లమచ్చ కనబడితే రెండు రోజులాగి రమ్మనడం నేను ఆనాడే మానేశాను. ముందు టీకా కార్డు చూపించమంటాను.