వలిసెపూల గట్టు మీద

విశాఖపట్నంలో చలికాలం అంటే పంకా వేగం కాస్త తగ్గించుకోవడం. అంతకుమించి చలి ఎరిగిన వాళ్ళం కాము. అందుచేత కార్తిక వనభోజనాల సందడి తగ్గాక, మార్గశిరం మొదట్లో, రెండు రోజులు అరకు వెళ్ళివద్దామని మా మనవరాలు అనగానే ఉన్నిబట్టలన్నీ పెట్టె అడుగునుంచి పైకి తీయవలసి వచ్చింది. నా మఫ్లరుకు చిమ్మటలు అప్పటికే రెండు కిటికీలు పెట్టి ఉన్నాయి.

తొందర ఉన్నవారు శృంగవరపుకోట మీదుగా ఘాటురోడ్డున కారులో పోతారు. మేము రైలెక్కాం. పొద్దున్నే బయలుదేరే ఆ పాసెంజరుకు తొందర లేదు, మాకూ లేదు. నిజానికి ఈ లైను మనబోటి షికారు మనుషుల కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో కొండలు తొలిచి వేశారు. మార్గం మొత్తం మీద 58 సొరంగాలని చెబుతారు. చీకటి కమ్మినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరూ ఒక్క గొంతుతో కేక వేస్తారు. పది సొరంగాలు దాటేసరికి, ఎవరూ చూడరు గదా అన్న ధైర్యంతో పెద్దవాళ్ళూ మొదలుపెట్టారు. మా ఆవిడ కేక నేను గుర్తుపట్టాను గాని, వెలుగు రాగానే ఆమె ఎటో చూస్తూ కూర్చుంది.

బొర్రా గుహల దగ్గర బండి చాలా మటుకు ఖాళీ అయింది. ఆ తరవాత శిమిలిగుడ. ఎత్తు 996 మీటర్లు. బ్రాడ్‌గేజి స్టేషన్లలో అన్నిటికన్నా ఎత్తైనదని చాలాకాలం పేరు మోసింది. అది దాటాక కొండలు పక్కలకు జరిగి, లోయ విచ్చుకుంటుంది. కిటికీలోంచి చూస్తే ఊరంతా కలిసి పసుపు ఆరబోసినట్టు వలిసె చేలు!

ఆ మధ్యాహ్నం ఎండ ఎంత హాయిగా ఉందో, సాయంత్రం చలి అంత కటువుగా ఉంది. సూర్యుడు కొండ చాటుకు పోయిన అరగంటకల్లా వేళ్ళు కొంకర్లు పోయాయి. బసలో కాపలా మనిషి చలిమంట వేసి, "కొండ మీద కన్నా కిందే చలెక్కువ బాబూ" అన్నాడు. నేను నమ్మలేదు. ఎత్తుకు పోయిన కొద్దీ చలి పెరగాలని గదా మనం చదువుకున్నది! కాని అతని మాటే నిజం. మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. నేలను అంటుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంబడి నీళ్ళలాగా జారి లోయ అడుగున మడుగు కడుతుంది. ఆ చలిమడుగులో మేము దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం.

తెల్లవారి చూస్తే లోకం లేదు. పొగమంచు. టీకొట్టు ఎక్కడుందో గ్లాసుల చప్పుడు బట్టి కనుక్కోవలసి వచ్చింది. ఎనిమిది దాటాక మంచు ముందు కొండల నడుములనుంచి, ఆ తరవాత చెట్లనుంచి విడిపోయి, చివరకు చేల మీద సన్నని పొరగా మిగిలింది. "తాతయ్యా, ఇప్పుడు తియ్యి!" అంది మనవరాలు. అమ్మాయి, అమ్మమ్మ, వెనక కొండ, అన్నీ ఫోటోలో పట్టాలని నేను ఒకడుగు, మరొకడుగు వెనక్కి వేశాను.

"తొక్కేత్తన్నారు బాబూ, కింద సూడండి!"

చూసుకుంటే మోకాలిదాకా పువ్వుల్లో ఉన్నాను. గట్టు మీద ఒక ముసలమ్మ, చేతిలో వెదురుకర్ర. నా వెనక నేను పడేసిన దారి, పశువు నడిచినట్టు. క్షమించమన్నాను. ఆమె క్షమించడం ఊసెత్తలేదు. "మనిసికి పది రూపాయలు. గట్టు మీద నిలబడి తీసుకోండి" అంది.

పూలు చూడడానికి పైకమా అని, దాచడం దేనికి, నాకు ముందు చిర్రెత్తింది. ముప్ఫై రూపాయలు ఇచ్చి ముఖం తిప్పుకున్నాను. మా ఆవిడ మాత్రం ఆమె పక్కన చతికిలబడి కబుర్లలో పడింది. నా గురించి నాలుగు మాటలు అనుకున్నారు కాబోలు, ఇద్దరూ నవ్వారు.

మనం పూలనే చూస్తాం గాని, వలిసె నూనెగింజల పంట సుమండీ. వెర్రినువ్వులన్నా అదే. పుట్టిల్లు ఇథియోపియా. నల్లని సన్నని గింజ; గానుగాడితే నూనె. ఒక మొక్క పుప్పొడి అదే మొక్కకు పనికిరాదు. తేనెటీగ మరో మొక్కనుంచి మోసుకు రావాలి. కనుక ఆ పసుపంతా మనకోసం కాదు, ఈగల కోసం.

"పువ్వు సూసినోళ్ళు గింజ సూడరమ్మా" అంటోంది ముసలమ్మ. "నిరుడు ఈ గట్టు పక్కంతా నేలకంటుకుపోనాది. ఫోటోలోళ్ళు. కుంచం గింజలైనా పోయుంటాయి. అందుకే కర్రట్టుకు కూకున్నాను." పూత ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే వచ్చి కాపలా కాస్తుందట. ఇంటిల్లిపాదీ కాఫీపళ్ళ కోతకు పోతే, ఈమె వంతు ఇది.

ఆ కాఫీతోటలు మధ్యాహ్నం మేమూ చూశాం. సిల్వర్ ఓకు నీడ, దాని మానుకు అల్లుకున్న మిరియాల తీగ, కింద ఎర్రటి పళ్ళు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెదురుబొంగులో కాల్చే కోడిమాంసం సంగతి ఇతరులు రాస్తారు; నేను శాకాహారిని.

మరునాడు ఆడవాళ్ళు లేవకముందే ఫ్లాస్కుతో టీ పట్టుకుని ఒక్కణ్ణే ఆ గట్టు దగ్గరికి వెళ్ళాను. ముసలమ్మ అప్పటికే ఉంది. అడగకుండానే పది రూపాయలు ఇచ్చాను. ఆమె తీసుకుని కొంగున ముడివేసింది. ఫ్లాస్కు మూతలో టీ పోసిస్తే అదీ తీసుకుంది. చేనంతా మంచునీళ్ళు కారుతూ, చప్పుడు లేకుండా ఉంది.

"ఈగలేవీ?" అన్నాను.

"లెగనేదు బాబూ. సలికి వాటికీ బద్దకమే. ఎండ రానీ."

ఇద్దరం తూర్పుకేసి చూస్తూ కూర్చున్నాం. ఎండ ముందు ఎదుటి కొండ శిఖరం మీద పడింది. అక్కడినుంచి లోయలోకి దిగడానికి చాలాసేపు పట్టింది. మా కాళ్ళ దగ్గరికి రాగానే పూలమీది తడి పొగలు కక్కింది. ఎక్కడినుంచో ఒక తేనెటీగ వచ్చి, నా మఫ్లరు చిల్లు దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి, చేలోకి పోయింది.